సముద్రతీరపు ఇంటికి వీధిమెట్లు

సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇంటికి వృద్ధాప్యం ముందుగా వచ్చేది వీధిమెట్లకు. భీమునిపట్నం మొదలుకొని విశాఖపట్నం, కాకినాడ, నరసాపురం, మచిలీపట్నం, చీరాల వరకు తీరం వెంబడి ఏ ఊరి వీధిలో నడిచినా ఈ సంగతి కంటబడుతుంది. గోడలు చెక్కుచెదరకుండా ఉంటాయి. తలుపులు బాగానే ఉంటాయి. పండుగకు ఒకసారి సున్నమో రంగో పడుతూనే ఉంటుంది. మెట్ల అంచులు మాత్రం విరిగి, లోపలి చువ్వ తుప్పుపట్టి బయటికి తొంగిచూస్తూ ఉంటుంది. ఇంటివారు ఆ విరిగిన మెట్టును తప్పించుకొని కాలు వేయడానికి అలవాటు పడిపోతారు. వచ్చిన చుట్టానికి ఆ అలవాటు ఉండదు. చీకట్లో దిగే ముసలివారికి అలవాటు ఉన్నా కాలు మాట వినదు. ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే కొందరు మళ్ళీ మంచం దిగరు. కాబట్టి ఈ మెట్ల సంగతిని ఇంటి అందానికి సంబంధించిన విషయంగా ఎంచక, ఇంటిలోని మనుష్యుల క్షేమానికి సంబంధించినదిగా ఎంచి, ఇక్కడ కొంత వివరంగా ముచ్చటించుకొందాం.

మెట్లు అరిగిపోయినవని సామాన్యంగా అంటూ ఉంటాం. నిజానికి ఇవి అరిగినవి కావు. కాలి రాపిడికి అరిగిన మెట్టు ఎట్లా ఉంటుందో చూడాలంటే ఏ పాత దేవాలయానికైనా వెళ్ళి చూడవచ్చును. అక్కడ రాతిమెట్టు నడుమ భాగం పళ్ళెంలాగా గుంటపడి ఉంటుంది. జనం కాలు మోపేది నడుమనే కనుక అరుగుదల అక్కడనే కనిపిస్తుంది. మన వీధిమెట్లలో నడుమ భాగం బాగానే ఉండి అంచులూ మూలలూ ఊడిపోతాయి. దీనినిబట్టి దెబ్బ పైనుండి తగిలినది కాదనీ, లోపలినుండి పుట్టినదనీ తెలుసుకోవచ్చును. ఈ ఒక్క భేదం గ్రహించకపోవడం వల్లనే ప్రతి ఏటా ఎన్నో ఇళ్ళలో సిమెంటూ, కూలీ డబ్బులూ వృథా అవుతున్నవి.

లోపల జరిగేది ఏమిటో చూద్దాం. సిమెంటు నీటితో కలిసి గట్టిపడినప్పుడు దానిలో సున్నపు గుణం గల పదార్థం పుష్కలంగా ఏర్పడుతుంది. రసాయనజ్ఞులు క్షారతను కొలిచే పి.హెచ్. అనే కొలత ప్రకారం మంచినీరు 7 దగ్గర ఉంటే, మంచి కాంక్రీటు 12కు పైన ఉంటుంది. అంతటి క్షారంలో ఉన్న ఇనుముపై కంటికి కనపడని పలుచని పొర ఒకటి ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది. అందువల్లనే ఆరుబయట పడవేసిన చువ్వ ఒక వర్షాకాలంలో ఎర్రబడిపోతే, కాంక్రీటులో పాతిన చువ్వ ఏండ్ల తరబడి నిగనిగలాడుతూ ఉంటుంది. కాంక్రీటులో ఇనుమును ఇమిడ్చే విద్యను లోకానికి పరిచయం చేసినవారిలో జోసెఫ్ మోనియే అనే ఫ్రెంచి తోటమాలి ఒకడు. అతడు 1867లో హక్కుపత్రం పొందినది మేడలకూ వంతెనలకూ కాదు, పూలకుండీలకు!

ఆ పలుచని పొరకు ఒక శత్రువు ఉన్నది. అది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటులోని సన్నని రంధ్రాలగుండా తేమతో పాటు లోపలికి పాకుతుంది. చువ్వను చేరిన తరువాత ఆ రక్షకపొరను అక్కడక్కడ ఛేదిస్తుంది. అక్కడ తుప్పు మొదలవుతుంది. తుప్పు అంటే ఇనుము తరిగిపోవడం మాత్రమే అయితే మెట్టు ఇంత త్వరగా పగిలేది కాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని ఘనపరిమాణం రెండింతలు మొదలు ఆరింతల వరకు పెరుగుతుంది. గట్టి కాంక్రీటు మధ్య ఇరుక్కున్న చువ్వ ఈ విధంగా ఉబ్బితే ఏమవుతుంది? రాతి బీటలో మొలిచిన రావిమొక్క వేరు చేసే పనే అదీ చేస్తుంది. కాంక్రీటు నొక్కుడుకు ఎంతటి బలశాలియో, లాగుడుకు అంతటి బలహీనమైనది. చువ్వ వెంబడి సన్నని చీలిక పడుతుంది. ఆ చీలికగుండా మరింత ఉప్పునీరు దిగుతుంది. కొన్నాళ్ళకు అంచు పెచ్చుగా లేచి ఊడిపోతుంది.

ఈ ఉప్పు మెట్టులోనికి ఎన్ని దారులలో వస్తుందో కూడా చూడవలసి ఉన్నది. మొదటిది గాలి. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలితో కొట్టుకొని వచ్చి ఇళ్ళమీద వాలుతుంది. తుపాను రోజులలో ఇది మరింత దూరం పోతుంది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పటి గాలిని ఎరిగినవారికి ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు. రెండవది, ఇల్లు కట్టిన నాడే లోపల చేరిన ఉప్పు. దగ్గరలో దొరుకుతున్నది గదా అని సముద్రపు ఇసుకను వాడడం, ఉప్పుబావి నీటితో సిమెంటు కలపడం తీరంలో కొత్త సంగతులు కావు. అట్టి మెట్లకు శత్రువు కడుపులోనే పుట్టినట్లు లెక్క. మూడవ దారిని ఎవరూ అనుమానించరు. మన ఇళ్ళలో తెల్లవారగానే వాకిలి కడిగి ముగ్గు వేయడం ఆచారం. ఆ కడిగే నీరు ఉప్పగా ఉండే గొట్టపుబావి నీరైతే, ప్రతిదినమూ మెట్లమీద నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. ఏడాదికి మూడు వందల అరవై అయిదు మార్లు ఇది జరుగుతుంది. గోడకు లేని ఈ స్నానం మెట్లకే ఉన్నది. పైగా మెట్టు అంచుకు పైనుండీ, ముందునుండీ, రెండు వైపులా గాలీ నీరూ తగులుతాయి. మేస్త్రీలు చువ్వను ఆ అంచులోనే, అరంగుళం లోతున పెట్టడం పరిపాటి. ఇన్ని కారణాలు ఒక్కచోట కూడినప్పుడు ముందుగా పోయేది అదే కావడంలో వింత లేదు.

ఇప్పుడు మరమ్మతు సంగతి. మెట్టు విరిగినప్పుడు గృహస్థు మేస్త్రీని పిలుస్తాడు. మేస్త్రీ చూసి, "దీనికేముందండీ, ఒక బస్తా సిమెంటుతో సరిచేసేస్తాను బాబుగారూ" అంటాడు. ఊడిన పెచ్చును తీసివేసి, తుప్పుపట్టిన చువ్వమీదనే కొత్త సిమెంటు మెత్తి, అంచు దిద్ది, నున్నగా పాము తాడు. సాయంకాలానికి మెట్టు కొత్తదానివలె మెరుస్తుంది. రెండు మూడు వర్షాకాలాలు గడిచేసరికి ఆ మెత్తినది పలకగా ఊడివస్తుంది. అంతే కాదు, దానికి అటూ ఇటూ అంతవరకు బాగున్న భాగం కూడా పగలడం ఆరంభిస్తుంది. ఇది మేస్త్రీ పనితనం లోపం కాదు. ఉప్పు లేని కొత్త సిమెంటులో ఒక భాగమూ, ఉప్పు నిండిన పాత కాంక్రీటులో ఒక భాగమూ ఉన్న ఒకే చువ్వ, విద్యుత్ఘటం మాదిరిగా పనిచేస్తుంది. అతుకుకు ఆనుకొని ఉన్న పాత భాగంలో తుప్పు వేగం హెచ్చుతుంది. అనగా, మనం ఒకచోట వేసిన అతుకు పక్కచోటికి రోగాన్ని పంపిస్తున్నదన్నమాట.

కాబట్టి ముందుగా మెట్లను పరీక్షించుకోవాలి. చిన్న సుత్తి తీసుకొని ప్రతి మెట్టునూ అంచు వెంబడి జానెడు దూరానికి ఒకసారి మెల్లగా తట్టి చూడవలెను. గట్టి కాంక్రీటు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట పగిలిన కుండ చప్పుడు వస్తుంది. అంచుకు సమాంతరంగా గీత గీసినట్లున్న చీలికలూ, గోధుమరంగు చారలూ కూడా అదే సంగతి చెబుతాయి. ఏ బరువైన వస్తువో పడి ఒక మూల విరిగి, లోపల తుప్పు జాడ లేకుంటే అతుకు వేసుకోవచ్చును. రెండు మూడు మెట్లు డొల్ల చప్పుడు చేస్తూ, చువ్వలు ఎర్రబడి ఉంటే మాత్రం మొత్తం తీసివేసి కొత్తవి కట్టించుకోవడమే మేలని మా అభిప్రాయం. అతుకులకు మూడుసార్లు పెట్టే ఖర్చును ఒకసారి లెక్కవేసి చూసుకొన్నవారు ఈ మాట కాదనరు.

కొత్తవి కట్టేముందు అడగవలసిన మొదటి ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. ఈ మెట్లకు ఇనుము అవసరమా? కాంక్రీటులో ఇనుము పెట్టేది లాగుడును తట్టుకోవడానికి. కింద ఆధారం లేకుండా, రెండు గోడలపై పలకవలె వేసి, అడుగున చెప్పులో, వంటచెరకో, సైకిలో పెట్టుకొనే బోలుమెట్లకు ఇనుము లేనిదే సాగదు. కాని మన ఇళ్ళలో ఎక్కువ భాగం మూడు మొదలు ఏడు మెట్లు, నేలమీద కూర్చొని ఉన్నవే. మనిషి బరువు మెట్టు మీదినుండి తిన్నగా నేలలోనికి పోతుంది. అక్కడ ఉన్నది నొక్కుడే గాని లాగుడు లేదు. అడుగున నేల గట్టిగా ఉంటే అట్టి మెట్లకు ఒక్క చువ్వ కూడా అక్కరలేదు. ఇనుము లేనిచోట తుప్పు లేదు. తుప్పు లేనిచోట ఈ పగుళ్ళు లేవు. అయినా "బలంగా ఉంటుంది" అని నాలుగు చువ్వలు వేయించుకొంటాం. సముద్రతీరంలో ఆ నాలుగు చువ్వలే మెట్టుకు ఆయుఃక్షీణం.

ఈ మాట మేము ఊహించి చెప్పడం లేదు. భారతీయ ప్రమాణాల సంస్థవారు 2000 సంవత్సరంలో వెలువరించిన 456వ సంఖ్య గల కాంక్రీటు నియమావళిలో సముద్రతీరపు గాలి తగిలే కాంక్రీటును 'తీవ్రమైన' పరిస్థితులలో ఉన్నదానిగా లెక్కించారు. అట్టిచోట ఇనుము గల కాంక్రీటు అయితే ఎం 30 అనే తరగతికి తగ్గరాదనీ, చువ్వపై కనీసం 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలనీ నియమించారు. ఇనుము లేని కాంక్రీటుకు అదేచోట ఎం 20 చాలునన్నారు. మేస్త్రీలకు పరిచయమైన ఒకటికి ఒకటిన్నర, మూడు పాళ్ళ మిశ్రమం సుమారుగా ఈ ఎం 20 తరగతిదే. దానికి మించిన తరగతులను చేతి కొలతలతో కలపడం ఆ నియమావళి ఒప్పుకోదు. పాళ్ళు ముందుగా పరీక్షించి నిర్ణయించవలసి ఉంటుంది. ఇంటి ముందర నాలుగు మెట్లకు అంత యత్నం చేసేవారెవరు? ఇనుము మానివేస్తే సామాన్యుడి చేతిలోని పనితోనే నియమం నెరవేరుతుంది.

కాంక్రీటే ఎందుకు, రాయి వేసుకోరాదా అని కొందరు అడగవచ్చును. భేషైన ఆలోచన. పాత ఇళ్ళు కూల్చినచోట నిండు రాతిమెట్లు అమ్మకానికి వస్తూ ఉంటాయి, దొరికితే విడువరాదు. అయితే అన్ని రాళ్ళూ ఒకటి కావు. విశాఖపట్నం చుట్టుపట్ల కొండలలో విస్తారంగా ఉన్న ఖొండలైటు అనే రాయి గాలికీ వానకూ మెత్తబడే స్వభావం కలది. కోణార్క దేవాలయం కట్టినది చాలవరకు ఈ రాతితోనే; అక్కడి శిల్పాలు ఎంతగా తినిపోయినవో చూసినవారికి తెలుసు. నల్లని, గట్టి చార్నొకైటు రాయి దానికంటె ఎంతో మేలు. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిపై పరచిన రాతిని పరిశీలించి, 1893లో హాలండ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరు పెట్టాడు. ఇక కడప బండ చవకైనదే కాని అది సున్నపురాతి జాతికి చెందినది. ఉప్పు తగిలేచోట పొరలు పొరలుగా లేస్తుంది. నున్నగా సాన పట్టించినదైతే తడిసినప్పుడు జారుతుంది. మెరిసే టైల్సు వీధిమెట్లకు పనికిరావని వేరుగా చెప్పాలా? అయినా వేయించుకొంటూనే ఉన్నాం.

ఇప్పుడు కొలతలకు వద్దాం. ఇది అన్నిటికంటె ముఖ్యమైనదనీ, అన్నిటికంటె తక్కువ శ్రద్ధ పొందుతున్నదనీ మా నమ్మకం. మనిషి మెట్లు ఎక్కేటప్పుడు మొదటి మెట్టు ఎత్తును కాలు గుర్తుపెట్టుకొంటుంది. తక్కినవాటిని కన్ను చూడదు. కాలే అంచనా వేసుకొంటుంది. కాబట్టి ఒక మెట్టు అంగుళం ఎక్కువో తక్కువో అయితే అక్కడ తడబాటు తప్పదు. మన ఊళ్ళలో ఈ హెచ్చుతగ్గు చాలావరకు రోడ్డువల్ల వస్తుంది. పాత రోడ్డుమీద కొత్త రోడ్డు వేసిన ప్రతిసారీ వీధి నాలుగు అంగుళాలు పైకి లేస్తుంది. ఆరంగుళాల అడుగుమెట్టు రెండంగుళాలై మిగులుతుంది. దిగేవాడు ఆరంగుళాలు దిగుతాననుకొని కాలు వేస్తాడు. నేల ముందే ఎదురవుతుంది. మరొకసారి రోడ్డు వేస్తే ఆ మెట్టు కనిపించకుండానే పోతుంది. కొత్త మెట్లు కట్టేటప్పుడు పాత మెట్ల లెక్క పట్టుకోరాదు. వసారా నేలనుండి నేటి వీధి మట్టానికి ఎంత ఎత్తున్నదో కొత్తగా కొలిచి, దానిని సమభాగాలు చేయవలెను.

ఎత్తుకూ వెడల్పుకూ ఉండవలసిన సంబంధాన్ని 17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు వాస్తుశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా బ్లాందెల్ ఒక సూత్రంగా చెప్పాడు. ఎత్తును రెండింతలు చేసి వెడల్పును కలిపితే సుమారు 24 అంగుళాలు రావాలి. మనిషి నడకలోని అంగకు సరిపడే లెక్క ఇది. ఉదాహరణకు వసారా వీధికంటె 35 అంగుళాల ఎత్తున ఉన్నదనుకొందాం. అయిదు భాగాలు చేస్తే ఎత్తు ఏడంగుళాలు, వెడల్పు పది అంగుళాలు. ఏడు భాగాలు చేస్తే ఎత్తు అయిదంగుళాలు, వెడల్పు పధ్నాలుగు అంగుళాలు. రెండూ సూత్రానికి సరిపోతాయి. పెద్దవారున్న ఇంటికి రెండవదే సుఖం. పై భాగం వసారాలో కలిసిపోతుంది కనుక మొదటిదానికి నాలుగు మెట్లు, 40 అంగుళాల స్థలం చాలును. రెండవదానికి ఆరు మెట్లు, ఏడు అడుగుల స్థలం కావలెను. ఇంటి ముందు అంత చోటు లేకుంటే మెట్లను వీధిలోనికి తోయడం, మురుగుకాలువను కప్పివేయడం సాధారణంగా జరిగే పని. కాలువ బాగుచేసేనాడు అవి పగులుతాయి. దానికంటె మెట్లను గోడ వెంబడి పక్కకు తిప్పి కట్టుకొంటే చోటూ కలిసివస్తుంది, చివర నిలబడడానికి చిన్న తిన్నె కూడా ఏర్పడుతుంది. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలనే పట్టింపు గలవారు ఉన్నారు. ఉండనివ్వండి. అయితే ఆ సంఖ్యకోసం అడుగున ఒక పొట్టిమెట్టు అతికించక, మొత్తం ఎత్తునే ఆ సంఖ్యతో భాగించుకొంటే ఆచారమూ నిలుస్తుంది, కాలూ నిలుస్తుంది.

పాతవి పగలగొట్టేటప్పుడు ఒక జాగ్రత్త. మెట్లు ఇంటి పునాది గోడను అంటి ఉంటాయి. సమ్మెటతో నేరుగా మోదితే ఆ అదురు గోడకు పోతుంది. ముందుగా ఉలితో గాని, కోతమరతో గాని ఆ అతుకు వెంబడి గాడి తీసి, మెట్లను గోడనుండి విడదీసి, తరువాత వీధివైపునుండి పగలగొట్టుకొంటూ రావలెను. కుళాయి గొట్టం, కరెంటు తీగ ఎక్కడున్నవో ముందే చూసుకోవాలి. మెట్ల కింద చాలాచోట్ల కనిపించేది ఇటుక ముక్కలూ, చెత్తా, ఖాళీ గోతులూను. పందికొక్కులు తవ్విన బొరియలు కూడా ఉంటాయి. ఏండ్ల తరబడి మెట్లు ఒకవైపుకు ఒరగడానికి కారణం అప్పుడు తెలిసివస్తుంది. ఆ చెత్తనంతా తీసివేసి, గట్టి నేల తగిలేవరకు పోయి, గ్రావెలు ఆరంగుళాల పొరలుగా పోసి, తడిపి, ప్రతి పొరనూ దిమ్మిసతో కొట్టించవలెను. ఇనుము లేని మెట్లకు ప్రాణం ఈ నేలలోనే ఉన్నది. దీనిపై నాలుగంగుళాల పలుచపాళ్ళ కాంక్రీటు పరచి, దానిపై మెట్లు కట్టుకోవాలి. మెట్లకూ గోడకూ నడుమ తారుకాగితమో, పలుచని అట్టో అడ్డుపెట్టి విడిగా ఉంచితే, మెట్లు అరంగుళం కుంగినా గోడను లాగవు.

ఇసుక ఏటి ఇసుకే కావాలి. నాలుకకు తగిలించి చూస్తే ఉప్పగా ఉన్నదా లేదా తెలుస్తుందని పాతకాలపు మేస్త్రీలు అంటారు. అది స్థూలమైన పరీక్షే అయినా అసలు చూడకపోవడం కంటె నయం. నీరు తాగడానికి పనికివచ్చేదై ఉండాలి. సముద్రపు నీటిని గాని, ఉప్పుబావి నీటిని గాని సిమెంటు కలపడానికీ, తరువాత తడపడానికీ వాడరాదు. నీటి మోతాదు మరీ ముఖ్యం. 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీరు మించరాదు. ఇసుక తడిగా ఉంటే ఆ తేమను కూడా ఇందులోనే తగ్గించుకోవాలి. పని సులువవుతుందని కూలీలు చేదతో మరికాస్త పోస్తారు. ఆ ఎక్కువైన నీరు తరువాత ఆవిరైపోయి, పోయిన దారులన్నీ సన్నని రంధ్రాలుగా మిగిలిపోతాయి. ఉప్పు లోనికి వచ్చేది ఆ దారులలోనే. ఉక్కు కర్మాగారాల చిట్టెం కలిపి తయారుచేసే స్లాగు సిమెంటు ఉప్పును బాగా అడ్డుకొంటుంది కనుక తీరవాసులకు అది మేలైన ఎంపిక. గట్టిపడడానికి కొంచెం ఆలస్యం చేస్తుందంతే.

బోలుమెట్లే కావలసివచ్చి ఇనుము వాడవలసినవారు, చువ్వపై దాదాపు రెండంగుళాల కప్పు ఉండేలా చూసుకోక తప్పదు. చువ్వలను ఎత్తిపట్టడానికి చెక్కముక్కలూ, రాతిచిప్పలూ పెట్టక, మెట్టుకు వాడే పాళ్ళతోనే ముందుగా పోసి గట్టిపడనిచ్చిన సిమెంటు బిళ్ళలు పెట్టవలెను. కట్టుతీగ కొనలను లోపలికి వంచాలి. పైకి పొడుచుకొని ఉన్న ఒక్క తీగ కొన చాలు, తుప్పుకు దారి చూపడానికి.

కాంక్రీటును సందులు లేకుండా చువ్వతో బాగా కుమ్మి, ప్రతి మెట్టునూ వీధివైపుకు కొంచెం వాలుగా దిద్దాలి. అడుగు వెడల్పుకు పావంగుళం వాలు చాలును. నీరు నిలవదు, కాలికి తెలియదు. అంచును కత్తిలాగా ఉంచక కొంచెం గుండ్రం చేయవలెను. పైభాగాన్ని తాపీతో అద్దంవలె పామించడం మన మేస్త్రీలకు ప్రీతి. వద్దని చెప్పి, తడి ఆరుతున్న సమయంలో కొబ్బరిచీపురుతో అడ్డంగా ఒకసారి గీయించండి. ఆ సన్నని గీతలు వానలో కాలిని పట్టి ఉంచుతాయి. నునుపు రావడానికి పైన పొడి సిమెంటు చల్లే అలవాటు కూడా మంచిది కాదు. ఆ పొర తరువాత పొట్టుగా లేచిపోతుంది.

తరువాత తడిగా ఉంచడం. మామూలు సిమెంటుకు కనీసం 7 దినాలు, స్లాగు వంటి మిశ్రమ సిమెంటుకు 10 దినాలు గోనెపట్టాలు కప్పి, అవి ఆరకుండా మంచినీరు చల్లుతూ ఉండవలెను. తీరంలో మధ్యాహ్నపు గాలికి గోనె గంటలో ఆరిపోతుంది. ఇంటిలో ఒకరికి ఈ పని అప్పగిస్తే గాని జరగదు; పిల్లలు దీనిని ఎంతో ఉత్సాహంతో చేస్తారు. ఎండలు ముదిరిన రోజులూ, తుపానులు వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలూ కాక, డిసెంబరు, ఫిబ్రవరి మాసాల నడుమ ఈ పని పెట్టుకోవడం మంచిది. ఆ దినాలలో రాకపోకలు పెరటి గుమ్మంగుండా సాగించుకోవాలి. పెరటిదారి లేనివారు ఒకేసారి అన్నీ పగలగొట్టక, వెడల్పులో సగం చొప్పున రెండు విడతలుగా కట్టించుకోవచ్చును. పలక అడ్డంగా వేసి, దానిమీద ముసలివారిని నడిపించే సాహసం మాత్రం చేయరాదు.

నాలుగు మెట్లు దాటితే చేతికి ఆసరా ఉండాలి. ఇది సామాన్యంగా మెట్లన్నీ పూర్తయిన తరువాత జ్ఞాపకం వస్తుంది. అప్పుడు అంచులో రంధ్రం చేసి, ఇనుపగొట్టం నిలబెట్టి, చుట్టూ సిమెంటు పోస్తారు. గొట్టం మొదట్లో నీరు నిలిచి, తుప్పుపట్టి, ఉబ్బి, ఇనుము లేకుండా జాగ్రత్తగా కట్టుకొన్న మెట్టు మూలను మళ్ళీ పగలగొడుతుంది. దానికి బదులు ఆసరా కమ్మీని మెట్లలో పాతక, పక్కనున్న గోడకు, మెట్టు అంచునుండి సుమారు మూడు అడుగుల ఎత్తున బిగించుకోవాలి. గోడ లేనివైపు మెట్లకు పక్కగా, వాటికి తగలకుండా, చిన్న దిమ్మెను వేరుగా కట్టి, గొట్టాన్ని అందులో నిలపాలి. దిమ్మె తల నీరు జారిపోయేలా గోపురంలాగా దిద్దించుకొంటే, గొట్టం ఎప్పుడైనా తుప్పుపట్టినా దిమ్మె ఒక్కటే మార్చుకోవచ్చును. మెట్ల జోలికి పోనక్కరలేదు.